కండలేరు క్రీక్‌లో మడ అడవి ఎంత పోయింది: శాటిలైట్ బొమ్మలతో చేసిన ఒక కేస్ స్టడీ

అడిగిన ప్రశ్న చిన్నదే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వెనకాల కండలేరు క్రీక్ (ఉప్పుటేరు) పొడవునా ఉన్న మడ అడవి 1990 నుంచి ఇప్పటిదాకా ఎన్ని హెక్టార్లు తగ్గిందో చెప్పండి, ఒక మ్యాపు, ఒక గ్రాఫు చాలు అన్నారు. అడిగింది మత్స్యకారుల ఊళ్లలో పనిచేసే ఒక చిన్న సంస్థ, ఒక అర్జీకి జత చేయడానికి వాళ్లకి నంబరు కావాలి. పైకి చూస్తే ఇది రెండు ల్యాండ్‌శాట్ (అమెరికా శాటిలైట్) బొమ్మలు దించుకుని, రెండిటికీ ఎన్‌డీవీఐ (పచ్చదనం కొలిచే అంకె) వేసి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే అయిపోయే పని, యూట్యూబ్‌లో అరగంట వీడియో చూసి చాలామంది అట్నే చేస్తున్నారు కూడా. కాకినాడ పక్కన కోరింగలో అయితే అట్లా చేసినా మరీ దారి తప్పరు, అక్కడ అడవి కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. మన నెల్లూరు తీరంలో మాత్రం ఆ లెక్క మడ చెట్ల గురించి చెప్పేదానికంటే శాటిలైట్ కెమెరా గురించి ఎక్కువ చెప్తుంది.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 రిపోర్టు చూస్తే దేశం మొత్తం మీద మడ అడవి 4,992 చదరపు కిలోమీటర్లు, అందులో ఆంధ్రప్రదేశ్‌ది 405, ఆ 405లో ఎక్కువ భాగం గోదావరి, కృష్ణా డెల్టాల్లోదే. నెల్లూరు, ప్రకాశం వాటా చిల్లర. కానీ ఆ చిల్లర ఏ ఆకారంలో ఉందనేదే అసలు సంగతి. కండలేరు, బకింగ్‌హాం కాలువ, వాటిలో కలిసే ఉప్పుటేర్లు, ఎక్కడ చూసినా ఒడ్డు వెంబడి ఒక వరస, రెండు వరసలు చెట్లు, దాని వెనకే రొయ్యల గుంట గట్టు. ఎక్కువగా తెల్ల మడ, అక్కడక్కడా తిల్ల, గట్టు ఎక్కితే సర్కారు తుమ్మ. ఎఫ్‌ఎస్‌ఐ వాడేది లిస్-3 (మన దేశపు శాటిలైట్ కెమెరా) బొమ్మలు, పిక్సెల్ (బొమ్మలో ఒక్కో గడి) 23.5 మీటర్లు, ఒక హెక్టారు కంటే చిన్న ముక్క లెక్కలోకి రాదు. దేశం మొత్తానికి వేసే లెక్కకి అది సరిపోతుంది, అందులో తప్పు పట్టేదేం లేదు. ఒక్క క్రీక్ గురించి అర్జీ పెట్టాలనుకునేవాళ్లకే అది పనికిరాదు.

కాగితం మీద వేసి చూడండి. క్రీక్ ఒడ్డున 15 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు మడ వరస ఉందనుకుందాం. నిజమైన విస్తీర్ణం 1.5 హెక్టార్లు. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే ప్రతి పిక్సెల్లోనూ సగం చెట్టు, సగం నీళ్లో బురదో గట్టో. ఇంత పచ్చదనం దాటితేనే మడ అని మీరు పెట్టుకున్న హద్దు కొంచెం గట్టిగా ఉంటే మొత్తం వరస మాయమై సున్నా వస్తుంది, కొంచెం వదులుగా ఉంటే ప్రతి పిక్సెలూ మడ కింద పడి 3 హెక్టార్లు వస్తుంది, వరస రెండు పిక్సెళ్ల మధ్య గీత మీద పడిందంటే ఒక్కో దానికి పావు పావు పంచుకుని ఇంకా గందరగోళం. అదే వరసని 10 మీటర్ల పిక్సెల్ ఉన్న సెంటినెల్-2 (యూరప్ శాటిలైట్)లో చూస్తే 1.5కి దగ్గరగానే వస్తుంది. ఇప్పుడు 1990కి ల్యాండ్‌శాట్-5, 2023కి సెంటినెల్-2 పెట్టి గ్రాఫు గీస్తే ఒక్క చెట్టు మొలవకుండానే అడవి పెరిగిపోతుంది. వదులు హద్దు పెట్టిన ఇంకొకాయన గ్రాఫులో ఒక్క చెట్టు కొట్టకుండానే సగానికి సగం పోతుంది. పేపర్లో రెండూ వార్తలే.

దీనికి చట్టం వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) 2011, 2019 నోటిఫికేషన్లు రెండిట్లోనూ మడ అడవి అత్యంత సున్నిత ప్రాంతం, సీఆర్‌జెడ్-1ఏ కిందకి వస్తుంది, ముక్క 1000 చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా ఉండాలి. 1000 చదరపు మీటర్లంటే ల్యాండ్‌శాట్‌లో ఒక పిక్సెల్ పైన రవ్వంత. సెంటినెల్‌లో పది పిక్సెళ్లు. చట్టం గుర్తించే ముక్కే కెమెరాకి ఒక చుక్క అయినప్పుడు, శాటిలైట్‌లో కనపడలేదు కాబట్టి ఇక్కడ మడ లేదు అని ఎవరైనా రిపోర్టులో రాస్తే ఆ వాక్యాన్ని అక్కడే నిలదీయాలి.

మొదట హద్దులు తేల్చుకున్నాం. జిల్లా వారీగా కావాలని వాళ్లు అడిగారు, నేను వద్దన్నా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు తీరం తిరుపతి జిల్లాలోకి పోయింది, కందుకూరు వైపుది ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, ఇంక పాత నెల్లూరు అంకెకీ కొత్త నెల్లూరు అంకెకీ పోలికేంది? కాబట్టి జిల్లా మాట వదిలేసి, కండలేరు ముఖద్వారం నుంచి లోపలికి పోటు నీళ్లు ఎక్కేదాకా క్రీక్‌నీ, దాన్ని కోసుకుంటూ పోయే బకింగ్‌హాం కాలువ ముక్కనీ తీసుకుని, రెండు ఒడ్లనీ 500 మీటర్ల ముక్కలు చేసి ఒక్కో దానికి నంబరు ఇచ్చాం. ఈ ముక్కలే తర్వాత మమ్మల్ని గట్టెక్కించాయి.

బొమ్మల ఎంపిక

నెల్లూరుకి వానలు ప్రధానంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలు. ఆ మూడు నెల్ల బొమ్మల్లో మబ్బులు తప్ప ఏమీ ఉండవు. జనవరి వచ్చేసరికి ఆకాశం తేటగా ఉంటుంది, అందరూ జనవరి, ఫిబ్రవరి బొమ్మలకే ఎగబడతారు, కానీ అప్పుడే గట్ల మీద గడ్డి, చవిటి నేలల్లో పిచ్చిమొక్కలు, ఎండిపోయిన గుంటల్లో తుంగ, అన్నీ పచ్చగా ఉంటాయి. ఎన్‌డీవీఐకి పచ్చగా ఉంటే చాలు, అది మడా గడ్డా అని అడగదు. అందుకని మార్చి చివర నుంచి మే లోపలి బొమ్మలే తీసుకున్నాం, గడ్డి మాడిపోయి ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి మాత్రమే మిగుల్తాయి.

ఇంకోటి పోటు, పాటు. ల్యాండ్‌శాట్ అయినా సెంటినెల్ అయినా మన మీదుగా పోయేది పొద్దున పది, పదిన్నర ప్రాంతంలో, ఎప్పుడూ ఇంచుమించు అదే టైము, కానీ ఆ టైముకి క్రీక్‌లో నీళ్లు ఎక్కి ఉన్నాయా దిగి ఉన్నాయా అన్నది రోజు రోజుకీ మారుతుంది. మన తీరంలో పోటు పెద్దది కాదు, మీటరుకి అటూ ఇటూ, అయినా బల్లపరుపు బురద నేల మీద ఆ మీటరే చాలా దూరం పాకుతుంది. చెట్ల కింద నీళ్లు నిలిస్తే పిక్సెల్ నల్లబడి పచ్చదనం తక్కువగా కనపడుతుంది. పాత సంవత్సరాలకి క్రీక్ లోపల ఆ గంటకి నీటిమట్టం ఎంతో చెప్పే లెక్కలు మా చేతిలో లేవు. మేం చేసింది ఏందంటే పంచాంగం తీశాం. ఒకే చోట ఒకే తిథికి పోటు ఇంచుమించు ఒకే గంటకి వస్తుంది, వేటకి పోయేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మల తారీఖులన్నిటికీ తిథులు రాసుకుని, దగ్గర దగ్గర తిథుల బొమ్మల్నే ఒకదాంతో ఒకటి పోల్చాం. గాలి వల్లా, ముఖద్వారంలో ఇసుక మేట వల్లా కొంత తేడా ఉంటుంది, ఉండనీండి, అమావాస్య బొమ్మని అష్టమి బొమ్మతో పోల్చడం కంటే ఎంతో నయం.

సంవత్సరాల దగ్గరికొస్తే 1980ల చివర్లో దొరికే మంచి సీన్లు తక్కువ, 2003 మే తర్వాత ల్యాండ్‌శాట్-7లో స్కాన్ లైన్ కరెక్టర్ పాడై బొమ్మల్లో చారలు వస్తాయి, 2011 నవంబర్‌లో ల్యాండ్‌శాట్-5 ఆగిపోయాక 2013లో ల్యాండ్‌శాట్-8 వచ్చేదాకా ఆ చారల బొమ్మలే గతి. 2015 తర్వాతి నుంచి సెంటినెల్ పుణ్యమా అని దిగుల్లేదు.

మడ కానివి

సగం శ్రమ ఇక్కడే. సర్వి (సరుగుడు) తోటలు మొదటివి. తీరం ఇసుక దిబ్బల మీద సర్వి దట్టంగా పచ్చగా ఉంటుంది, నాలుగైదేళ్లకోసారి కొట్టి మళ్లీ వేస్తారు, శాటిలైట్‌లో అది అడవి నరికివేత లాగా భయంకరంగా కనపడుతుంది. ఎత్తు డేటా పెట్టి తీసేయొచ్చు కదా అని ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల మ్యాపు) వాడేవాళ్లున్నారు, ఆ రాడార్ 2000 ఫిబ్రవరిలో కొలిచింది చాలావరకు చెట్ల కొనల్ని, పైగా దాని తప్పే కొన్ని మీటర్లు, రెండు మూడు మీటర్ల తేడాల మీద బతికే తీరంలో అది నమ్మదగ్గది కాదు. ఉప్పునీటి వాగు నుంచి ఎంత దూరం అన్నది దానికంటే బాగా పనిచేసింది. రెండోది గుంటల్లో నీళ్లు. మేత వేసి పాచి పట్టిన గుంట నీళ్లు పచ్చగానే ఉంటాయి, ఎన్‌డీవీఐ ఒక్కదాన్నే నమ్మితే నీళ్లు చెట్లయిపోతాయి, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ కలిపితే నీళ్లు నీళ్లుగా విడిపోతాయి, అదొక పెద్ద సమస్య కాదు.

అసలు తలనొప్పి సర్కారు తుమ్మ. పొడి నేల మీద ఉన్న తుమ్మని మడ నుంచి విడదీయడం తేలికే, మడ కింద ఎప్పుడూ తడి బురద ఉంటుంది కాబట్టి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో చీకటిగా ఉంటుంది, తుమ్మ కింద ఎండు మట్టి తళతళలాడుతుంది. మడ అడవి కోసమే తయారైన ఎంవీఐ అనే ఇండెక్స్ కూడా దీని మీదే నడుస్తుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లోంచి గ్రీన్ తీసేసి దాన్ని షార్ట్‌వేవ్‌లోంచి గ్రీన్ తీసేసినదాంతో భాగిస్తారు. 2020లో వచ్చింది, ఫిలిప్పీన్స్, జపాన్ అడవుల మీద సరిచూసింది, 4.5 దాటితే మడ అంటారు. మన గట్ల మీద ఆ 4.5 నిలబడలేదు. ఎందుకంటే ఇక్కడ తుమ్మ పెరిగేది గుంట గట్టు మీద, రెండు పక్కలా నీళ్లు, సెంటినెల్-2లో షార్ట్‌వేవ్ బ్యాండ్ పిక్సెల్ 20 మీటర్లు, గట్టేమో నాలుగైదు మీటర్లు. పిక్సెల్లో పక్కనున్న నీళ్లు కలిసి తుమ్మ కాస్తా తడి చెట్టులాగా, అంటే మడలాగా కనపడుతుంది. తుమ్మనీ మడనీ కచ్చితంగా విడదీయాల్సిన చోటే ఇండెక్స్ చేతులెత్తేస్తుంది.

దారి చూపించింది కంప్యూటర్ కాదు. పడవలో మాతో వచ్చిన పీతలు పట్టే పెద్దాయన ఒకరు, ఒక పాడుబడ్డ గుంట దగ్గర నేను ట్యాబ్‌లో పచ్చ రంగు చూపించి ఇది మడే కదా అంటే, అటు చూడకుండానే చెప్పాడు: "అది మడ కాదు సార్, కంప. ఆ గుంటకి గండి పడలేదు గదా, ఉప్పునీళ్లు లోపలికి రాందే మడెట్లా మొలుస్తాది? దీని పక్కదానికి తూము ఇరిగిపోయి ఉండాది, పోటుకి నీళ్లొస్తాయి, పాటుకి పోతాయి, చూడండి అందులో ఎట్లా లేసిందో."

దిగి చూస్తే రెండు గుంటల మధ్య ఒక్క గట్టే తేడా. ఈ పక్క మోకాలి లోతు బురద, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు శ్వాస వేర్లు, మడ ఆకు తిప్పితే అడుగున తెల్లగా, పైన వేలితో రాస్తే ఉప్పు పలుకులు. ఆ పక్క నెర్రెలిచ్చిన తెల్ల చవుడు, ముళ్లు, తుమ్మకాయలు. మడ విత్తనం నీళ్ల మీద తేలి వచ్చి నాటుకునేది, నీళ్లు రోజూ వచ్చి పోతుంటేనే బతుకుతుంది, నీళ్లు రాని చోట ఖాళీని తుమ్మ నింపుతుంది. పెద్దాయన చెప్పినదాన్ని శాటిలైట్ భాషలోకి మార్చడమే మిగిలింది. గుంటలో పైరు నడుస్తుంటే వంద, నూట ఇరవై రోజులు నిండుగా నీళ్లుండి పట్టుబడి అయ్యాక ఒక్కసారిగా ఎండుతుంది. పాడుబడి గట్టు మూసి ఉన్నది నవంబర్ వానలకి నిండి ఎండాకాలానికి మెల్లగా ఇంకిపోతుంది. గండి పడినది మాత్రం ఒక బొమ్మలో నీళ్లు, ఐదు రోజుల తర్వాతి బొమ్మలో బురద, మళ్లీ నీళ్లు, ఏడాది పొడవునా అట్లాగే ఊగుతుంటుంది. సెంటినెల్-1 రాడార్‌నీ సెంటినెల్-2నీ కలిపి ఒక్కో గుంటకి ఈ నీళ్ల నడక గీసి, మూడో రకం గుంటల్లో ఉన్న పచ్చదనాన్నే మడ అన్నాం, మిగతాదాన్ని తుమ్మ కింద పక్కన పెట్టాం. పిక్సెల్ రంగు చూసి చెట్టు పేరు చెప్పే ప్రయత్నం మానేసి, దాని కిందకి నీళ్లెట్లా వస్తున్నాయో చూసి చెప్పడం మొదలుపెట్టాక తప్పులు బాగా తగ్గాయి.

క్రీక్ ఒడ్డు వరసలకి ఇది కూడా చాలదు. వాటిని హై రిజల్యూషన్ బొమ్మ మీద చేత్తోనే గీశాం, ముక్క ముక్కా. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో రాండమ్ ఫారెస్ట్ (పిక్సెళ్లని తనే రకాలుగా విడదీసే క్లాసిఫయర్ ప్రోగ్రాము) పెడితే క్షణాల్లో అయ్యేదానికి చేత్తో గీయడమేందని మా కుర్రాళ్లు సణిగారు. వాళ్లకి చెప్పిన లెక్క ఇది: చూసే ఏరియా 10,000 హెక్టార్లు, అందులో నిజమైన మడ 100 అనుకోండి, క్లాసిఫయర్ మిగతా 9,900లో కేవలం 2 శాతం పొరపాటున మడ అంటే 198 హెక్టార్ల దొంగ మడ వస్తుంది, నిజందానికి రెట్టింపు, అయినా రిపోర్టులో ఓవరాల్ ఆక్యురసీ 98 శాతం అని అందంగా రాసుకోవచ్చు. తక్కువగా ఉండేదాన్ని వెతికేటప్పుడు ఓవరాల్ ఆక్యురసీ అంత పనికిమాలిన అంకె ఇంకోటి లేదు. మడ క్లాసుకి విడిగా ఎంత తప్పు, ఆ తప్పుతో సరిచేసిన విస్తీర్ణం ఎంత, ప్లస్ మైనస్ ఎంత, ఈ మూడూ లేని రిపోర్టు ఎవరిచ్చినా నేను పక్కన పెట్టేస్తా.

ఏం తేలింది

2005 తర్వాత హై రిజల్యూషన్ బొమ్మలు దొరికిన సంవత్సరాలకి హెక్టార్లు ఇచ్చాం, ప్లస్ మైనస్‌తో. అంతకు ముందుకి హెక్టార్లు ఇవ్వలేదు. దాని బదులు ఒక్కో 500 మీటర్ల ముక్కకీ ఒడ్డున పచ్చదనం ఉందా లేదా, రొయ్యల గుంట గట్టు ఒడ్డు దాకా వచ్చింది ఏ బొమ్మలో, ఇంతవరకే. ల్యాండ్‌శాట్‌కి 15 మీటర్ల వరస కొలవడం చేతకాదు గానీ, దాని వెనక నేల గుంటలుగా మారడం బ్రహ్మాండంగా కనపడుతుంది, నలుచదరపు నల్ల గళ్లు.

ఆ గళ్ల కథ ఈ జిల్లాలో అందరికీ తెలిసిందే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు, 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం, 1996 డిసెంబర్‌లో తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలు, 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ గుంటల తవ్వకం. మా ముక్కల పట్టికలో కూడా ఇదే లయ కనపడింది. ఒడ్డు పచ్చదనం పోయిన ముక్కల్లో ఎక్కువ మొదటి జోరులోనే పోయాయి. రోగం తర్వాత వదిలేసిన గుంటల్లో గండి పడిన చోట్ల మెల్లగా మడ తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చినదాంట్లో కొంత వెనామీ కాలంలో గుంటలు మళ్లీ తవ్వినప్పుడు పోయింది. పోవడం, రావడం, మళ్లీ పోవడం, మూడూ ఒకే ముక్కలో జరిగినవి ఉన్నాయి, 1990, 2023 రెండు బొమ్మలే పోలిస్తే ఆ ముక్కలో ఒక్కసారి పోయినట్టే వస్తుంది, మధ్యలో తిరిగొచ్చి మళ్లీ పోయింది కనపడదు.

అర్జీ పెట్టేవాళ్లకి ఇది మొదట నచ్చలేదు. ఇంత శాతం పోయింది అని ఒక్క మాటలో చెప్తే కలెక్టరేట్‌లో ఎక్కుతుంది, మీరేమో ముక్కలు, తిథులు, గండ్లు అంటారేంది అన్నారు. నా వాదన వేరే. ఒక్క శాతం పెడితే అవతలి పక్క కన్సల్టెంటు ఇంకో సెన్సర్‌తో ఇంకో శాతం తెస్తాడు, ఇద్దరి లెక్కా తప్పే అయినా గొడవ సమానమైపోతుంది. ఫలానా నంబరు ముక్కలో ఫలానా ఏడాది ఏప్రిల్ దాకా ఒడ్డున చెట్లున్నాయి, తర్వాతి ఏప్రిల్‌కి గట్టు ఉంది, ఇదిగో రెండు బొమ్మలు అంటే దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. చివరికి వాళ్లు అర్జీలో పెట్టింది గ్రాఫు కాదు, ఆ పట్టికలోంచి ఏరిన ముక్కలు, జతకి రెండేసి బొమ్మలు.

మొక్కలు నాటే పథకాల గురించి కూడా అడుగుతుంటారు, 2023 జూన్‌లో కేంద్రం మిష్టి (మడ మొక్కలు నాటే పథకం) మొదలుపెట్టాక మరీ. నాటిన మడ మొక్క కొమ్మలు కలిసి పైన గొడుగు కమ్మేదాకా, అంటే కొన్నేళ్లపాటు, 10 మీటర్ల పిక్సెల్‌కి అది బురదే. కాబట్టి నాటిన ఏడాదే శాటిలైట్‌లో పచ్చదనం పెరిగిందని చూపించే పీపీటీలో ఉన్నది మొక్కలు కాదు, జనవరి గడ్డి. నాటిన చోట ముందు చూడాల్సింది కాలువ తెరుచుకుని పోటు లోపలికి వస్తుందా అని, ఆ నీళ్ల ఊగిసలాట మాత్రం మొదటి నెలల నుంచే బొమ్మల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు స్క్రిప్టు ప్రతి ఏప్రిల్‌కీ నడుస్తుంది. నీళ్ల నడక మారిన గుంటలు, పచ్చదనం సడన్‌గా పడిపోయిన ముక్కలు ఎర్రగా వస్తాయి, వాటి నంబర్లు ఊళ్లో కుర్రాళ్లకి వాట్సాప్‌లో పోతాయి, వాళ్లు పోయి లొకేషన్ ఆన్‌లో పెట్టి ఫొటో తీసి పంపిస్తారు. ఎర్రగా వచ్చినవాటిలో చాలావరకు గట్టు బాగుచేసుకోవడమో తుమ్మ కొట్టి బొగ్గు కాల్చడమో అని తేలుతుంది, దానికి విసుక్కోకూడదు. ఇదే పద్ధతి ఇసకపల్లి వైపు, ప్రకాశంలో గుండ్లకమ్మ ముఖద్వారం దాకా పెట్టమంటున్నారు. పెట్టొచ్చు, కానీ ఇసకపల్లి దగ్గరా, ఇంకా పైకి పోతే చినగంజాం దగ్గరా ఉప్పు కొఠార్లున్నాయి, కొఠారులో కూడా నీళ్లు పెడతారు, ఎండబెడతారు, మళ్లీ పెడతారు, గండి పడిన గుంట లాగానే ఊగుతుంది. ముందు అక్కడ ఉప్పు తీసే నెలలు ఏవో కొఠార్లలో పనిచేసేవాళ్లని అడిగి రాసుకుని, ఆ నెలల్ని లెక్కలోంచి తీసేయాలి.